కాగితం మారితే కొలత మారునా?

ఇల్లు కట్టదలచిన గృహస్థు చేతికి ఇంటికన్న ముందుగా వచ్చేది ఒక కాగితం. దాని మీద గోడలు, గుమ్మాలు, కిటికీలు, మెట్లు సన్నని గీతలుగా కనిపిస్తాయి. క్రింది మూలన ఒక చిన్న గడిలో యజమాని పేరు, ప్లాను గీసినవారి పేరు, తేదీ ఉంటాయి. వాటి నడుమ "స్కేలు 1:100" అని ఒక ముక్క ఉంటుంది. చాలామంది ఆ ముక్కను చదవకుండానే కాగితం మడిచి దాచుకొంటారు. కాని ఆ కాగితం మీది గీతలన్నింటికీ అర్థమిచ్చేది ఆ ముక్కయే. దానిని తొలగిస్తే ప్లాను వట్టి బొమ్మ అవుతుంది. అది తప్పుగా ఉన్నట్లయితే ప్లాను అబద్ధమాడుతుంది.

1:100 అనగా కాగితం మీద ఒక సెంటీమీటరు నేల మీద నూరు సెంటీమీటర్లకు, అనగా ఒక మీటరుకు సమానమని అర్థం. నాలుగు మీటర్ల గది కాగితం మీద నాలుగు సెంటీమీటర్లుగా కనిపిస్తుంది. ఇంతవరకు బడిపిల్లలకు కూడ తెలిసిన విషయమే. అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. ఈ అంకె ఇంటికి చెందినది కాదు, కాగితానికీ చెందినది కాదు. ఆ రెంటికీ నడుమ ఉన్న సంబంధానికి చెందినది. ఇల్లు ఒక అంగుళమైనా మారకపోయినా, గీత ఒక్కటైనా చెరగకపోయినా, కాగితం పరిమాణం మారినంత మాత్రాన అంకె తప్పిపోతుంది. ఈ మెలికను సరిచేసికొనడానికి మానవుడు వేల సంవత్సరాలుగా పడుతూ వచ్చిన శ్రమ ఒక చక్కని చరిత్ర.

ఆ చరిత్రకు మొదటి సాక్షి ఒక రాతి విగ్రహం. మెసపొటేమియాలోని లగాష్ నగరాన్ని క్రీస్తు పూర్వం సుమారు 2100 ప్రాంతంలో గుడియా అనే ప్రభువు పాలించాడు. ఆయన విగ్రహమొకటి నేడు పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్నది. కూర్చున్న ఆ ప్రభువు ఒడిలో ఒక పలక, దాని మీద ఒక ప్రాకారపు ప్లాను, ప్రక్కన గీసే పుల్ల, విభాగాలు చెక్కిన కొలబద్ద కనిపిస్తాయి. దేవాలయం కట్టించిన రాజుగా తనను లోకం గుర్తుంచుకోవాలని కోరినవాడు ప్లానును, కొలబద్దను కలిపి చెక్కించుకొన్నాడు. కొలబద్ద తోడు లేని ప్లాను అసంపూర్ణమనే భావం ఆనాటికే ఉన్నదని ఊహించుట తప్పు కాదు.

రోమ్ నగరంలో క్రీస్తు శకం 203, 211 సంవత్సరాల మధ్య సెవెరస్ చక్రవర్తి కాలంలో ఆ నగరపటాన్ని పాలరాతి మీద చెక్కి ఒక గోడకు అమర్చినారు. సుమారు పదునెనిమిది మీటర్ల వెడల్పు, పదమూడు మీటర్ల ఎత్తు గల ఆ పటం తరువాతి కాలంలో ముక్కలైపోయినది. దొరికిన ముక్కలను నేటికీ నిలిచి ఉన్న కట్టడాలతో పోల్చి, అది సుమారు 1:240 స్కేలుతో చెక్కినదని విద్వాంసులు నిర్ణయించినారు. ఇక్కడ ఒక సంగతి గమనించవలెను. రాయి ముక్కలైనది గాని, కుంచించుకు పోలేదు. అందుచేతనే పదునెనిమిది వందల సంవత్సరాల తరువాత కూడ దాని స్కేలును తిరిగి రాబట్టగలిగినారు. తోలుకు, కాగితానికి ఆ నిలకడ లేదు. తేమ తగిలితే తోలు సాగుతుంది, ఎండితే ముడుచుకొంటుంది. తోలు మీద పటాలు గీసికొన్న నావికులకు వేరొక ఉపాయం కావలసి వచ్చినది.

ఆ ఉపాయం పదమూడవ శతాబ్ది చివరిభాగానికి చెందిన 'కార్టా పిసానా' అనే మధ్యధరా సముద్రపటంలో కనిపిస్తుంది. దానిని కూడ పారిస్‌లోనే, జాతీయ గ్రంథాలయంలో భద్రపరచినారు. ఆ పటం మీద వృత్తాలలో, సమభాగాలుగా విభజించిన కొలత గీతలున్నవి. నావికుడు వృత్తలేఖినితో రెండు రేవుల నడుమ దూరాన్ని పట్టి, ఆ గీత మీద ఆనించి, ఎన్ని భాగాలైనదీ లెక్కించుకొనేవాడు. తోలు ముడుచుకొంటే తీరరేఖ ముడుచుకొంటుంది. దానితోపాటు కొలత గీత కూడ అంతే ముడుచుకొంటుంది. కనుక లెక్క చెడదు. అంతకు ముందే, 1136లో, చైనాలో రాతి మీద చెక్కిన 'యూ జీ తూ' అనే దేశపటంలో ఇదే బుద్ధి మరొక రూపంలో కనిపిస్తుంది. పటమంతా చదరపు గడులుగా విభజించి, ఒక్కొక్క గడి భుజం నూరు లీలని వ్రాసినారు. లీ అనేది వారి దూరమానం. పటాన్ని ఎంత పెద్దదిగా గాని, చిన్నదిగా గాని తిరిగి వ్రాసినా గడులు కూడ అంతే పెరుగుతాయి, అంతే తరుగుతాయి.

ఈ విధంగా గీతయో, గడియో పటంలోనే భాగమై ఉండి, పటంతోపాటు ప్రయాణం చేసేది. ఆ తరువాత వచ్చిన అంకె అట్టిది కాదు.

పదునెనిమిదవ శతాబ్దంలో ఫ్రాన్సు దేశమంతటినీ త్రిభుజాల పద్ధతిని కొలిచి కసీనీ వంశీయులు గొప్ప దేశపటాన్ని తయారుచేసినారు. పటం మీద ఒక 'లీన్యు' నేల మీద నూరు 'త్వాజు'లకు సమానం. నేటి భాషలో చెప్పవలెనంటే 1:86,400. ఇంగ్లీషువారు 'మైలుకు అంగుళం' అన్నారు; మైలులో 63,360 అంగుళాలున్నవి గనుక అది 1:63,360. దేశానికొక కొలత, కొలతకొక పేరు ఉన్నంతకాలం ఒకరి పటాన్ని మరొకరు చదువుకొనుట కష్టమే. 1795లో ఫ్రాన్సు మెట్రిక్ పద్ధతిని శాసనం ద్వారా స్వీకరించిన తరువాత, అంగుళము, త్వాజు అనే పేర్లతో పనిలేకుండ ఒకటికి ఇన్ని అని వట్టి నిష్పత్తిగా చెప్పే అలవాటు క్రమంగా బలపడినది. ఏ భాషవారికైనా అర్థమగుట ఆ నిష్పత్తిలోని సుగుణం. కాగితంతోపాటు పెరగలేకపోవుట, తరగలేకపోవుట అందులోని దోషం.

మన గ్రామాలకు ఈ అంకెలతో సంబంధం చాల దగ్గరిది. మద్రాసు రాజధానిలోని గ్రామపటాలు సామాన్యంగా మైలుకు పదునారు అంగుళాల చొప్పున వ్రాసినవి. మైలుకు ఎనుబది గొలుసులు. కనుక ఒక అంగుళానికి ఐదు గొలుసులు. గంటర్ గొలుసు పొడవు 66 అడుగులు, అందులో నూరు లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఈ లెక్కన పటం మీద ఒక చదరపు అంగుళం నేల మీద ఇరువదియైదు చదరపు గొలుసులకు, అనగా రెండున్నర ఎకరాలకు సమానమవుతుంది. లెక్క ఎంత తేలికగా ఉన్నదో చూడండి. పటం మీద రెండంగుళాల పొడవు, ఒక అంగుళం వెడల్పు ఉన్న చేను ఐదెకరాలని సర్వే తెలిసినవాడు నోటనే చెప్పగలిగేవాడు. మూలపటం మీద కొలిచినంతకాలం ఆ లెక్కకు తిరుగు లేదు.

నకళ్ల సంగతి ఏమిటి? 1842లో జాన్ హెర్షెల్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త సూర్యకాంతితో నీలిరంగు ప్రతులు తీసే పద్ధతిని కనుగొన్నాడు. ఇంజనీర్లు 'బ్లూప్రింటు' అనేది దీని సంతానమే. తరువాత వచ్చిన అమ్మోనియా ప్రింట్లను మన ఇంజనీరింగు కచేరీలలో పనిచేసినవారు ఎరుగుదురు. ఈ రెండు పద్ధతులలోనూ గీసిన పారదర్శకపు కాగితాన్ని మందు పూసిన కాగితం మీద ఆనించి వెలుతురు చూపుతారు. కనుక మూలం ఎంతో నకలు కూడ దాదాపు అంతే. సుమారు ఒక శతాబ్దం పాటు డ్రాఫ్ట్స్‌మన్ మూలన వ్రాసిన అంకెకు ప్రమాదం రాకపోవడానికి కారణం ఇదే. అంకె బలహీనత బయటపడే సందర్భం రాలేదు.

ఆ సందర్భాన్ని తెచ్చినవి రెండు. ఒకటి కాగితాల పరిమాణాలలో వచ్చిన క్రమం. రెండవది నకలు యంత్రం.

1786లో గొటింగెన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు లిక్టెన్‌బర్గ్ తన మిత్రుడు బెక్‌మన్‌కు ఒక ఉత్తరం వ్రాసినాడు. సగానికి మడిచినా ఆకారం మారని కాగితం ఎట్లుండవలెనని ఒక విద్యార్థికి లెక్క ఇచ్చినాననీ, జవాబు వచ్చిన తరువాత చూస్తే మామూలుగా వాడే ఒక కాగితమే అట్లున్నదనీ అందులో చెప్పినాడు. ఆ జవాబు ఏమంటే, పొడవు వెడల్పుకు రెండు యొక్క వర్గమూలమంత, అనగా సుమారు 1.414 రెట్లు ఉండవలెను. ఏ ఇతర నిష్పత్తిలోనూ ఈ గుణం లేదు. 1798లో ఫ్రాన్సు స్టాంపు పన్ను శాసనంలో ఈ నిష్పత్తి గల కాగితాలు చోటుచేసికొన్నవి గాని, నిలువలేదు. 1922లో జర్మనీలో వాల్టర్ పోర్స్ట్‌మన్ కృషి వలన ఇది జాతీయ ప్రమాణమైనది. 1975లో అంతర్జాతీయ ప్రమాణసంస్థ దానిని ఆమోదించినది. ఒక చదరపు మీటరు వైశాల్యం గల కాగితం ఏ0. దానిలో సగం ఏ1, అందులో సగం ఏ2, ఆ తరువాత ఏ3. మన ఇళ్లలో ఉత్తరాలకు, అర్జీలకు వాడే 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు గల కాగితం ఏ4.

ఇక నకలు యంత్రం. 1938లో అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ పొడి రంగుతో మొదటి నకలు తీసినాడు. దానిమీద ఆధారపడిన యంత్రాలు కొంతకాలానికి బొమ్మను పెంచుట, తగ్గించుట కూడ నేర్చుకొన్నవి. జిరాక్సు దుకాణంలోని యంత్రం మీద 71 శాతం, 141 శాతం అనే అంకెలు చూచినవారుంటారు. ఏ3 కాగితాన్ని ఏ4కు దించవలెనంటే 71, ఏ4ను ఏ3కు పెంచవలెనంటే 141. ఆ అంకెలు లిక్టెన్‌బర్గ్ లెక్కకు మనుమలు. కాగితాల ఆకారం ఒకటే గనుక బొమ్మ అంచులు తెగకుండ, తెల్లచోటు మిగలకుండ చక్కగా అమరుతుంది. ఆ చక్కదనమే మోసం చేస్తుంది. తగ్గించిన ప్రతిని చూచినవాడికి అది తగ్గించినదని తోచదు. మూలన "స్కేలు" అంటూ వ్రాసిన అంకె మాత్రం పాతదే.

మన గ్రామపటాన్నే తీసికొందాం. ఇందాకటి ఐదెకరాల చేను ఉన్న భాగాన్ని ఏ3 నుండి ఏ4కు దించినారనుకొందాం. రెండంగుళాల పొడవు 1.41 అంగుళాలు అవుతుంది. ఒక అంగుళం వెడల్పు 0.71 అంగుళం అవుతుంది. పొడవులు మూడు పాళ్లకంటె కొంచెం తక్కువ అయినవి, అంతే కదా అనిపించవచ్చును. కాని వైశాల్యం లెక్కవేస్తే ఒక చదరపు అంగుళమే వస్తుంది. పటం మూలన ఉన్న అంకెను నమ్మినవాడు ఐదెకరాల చేనును రెండున్నర ఎకరాలని చదువుకొంటాడు. గట్టు జరగలేదు, రాయి కదలలేదు. అయినా సగం పొలం కాగితం మీద మాయమైనది. అన్నదమ్ములు పంపకానికి కూర్చున్నప్పుడు, అమ్మేవాడు, కొనేవాడు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఇట్టి నకలు నడుమకు వస్తే కలిగే అనర్థాన్ని వేరే చెప్పనక్కరలేదు.

ఇంజనీర్లకు కూడ ఈ బాధ తప్పలేదు. ఏ1 మీద 1:100గా గీసిన ప్లానును ఏ3కు దించితే పొడవులు సరిగా సగమై 1:200 అవుతుంది. అది వాడుకలో ఉన్న స్కేలే గనుక పని నడుస్తుంది. కాని ఏ2కు దించితే 1:141 అవుతుంది. అట్టి స్కేలు ఏ కొలబద్ద మీదనూ ఉండదు. 1979లో అంతర్జాతీయ ప్రమాణసంస్థ సాంకేతిక చిత్రాలకు 1:2, 1:5, 1:10, ఈ వరుసనే 1:20, 1:50, 1:100 వంటి స్కేళ్లను నిర్దేశించినది. కాగితాలకు ఒక క్రమం, స్కేళ్లకు వేరొక క్రమం. ఒక్కొక్క మెట్టు దిగినప్పుడల్లా ఆ రెండూ కలిసిరావు.

ఈ చిక్కును విడదీసే భారం గణకయంత్రాల మీద పడినది. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఐవాన్ సదర్లాండ్ 'స్కెచ్‌ప్యాడ్' అనే పద్ధతిని రూపొందించి, యంత్రపు తెర మీద వెలుగు కలంతో గీతలు గీసి చూపినాడు. 1982లో ఆటోడెస్క్ సంస్థ 'ఆటోకాడ్' అనే ప్రోగ్రామును విడుదల చేసినది. చిన్న కంప్యూటరు మీద కూడ నడిచే ఈ ప్రోగ్రాము వలన డ్రాఫ్టింగు పని బల్ల మీది నుండి తెర మీదకు మారసాగినది.

ఇక్కడ ఒక మౌలికమైన మార్పు వచ్చినది. బల్ల మీద గీసేవాడు ముందుగా స్కేలు నిర్ణయించుకొని, దానికి తగినట్లు ఇంటిని చిన్నది చేసి గీసేవాడు. యంత్రంలో ఇంటిని చిన్నది చేయనక్కరలేదు. నాలుగు మీటర్ల గోడను నాలుగు మీటర్లుగానే గీస్తారు. స్కేలు అనే ప్రశ్న కాగితం మీద ముద్రించే క్షణంలోనే పుడుతుంది. అయితే మొదటి సంవత్సరాలలో బొమ్మ, అక్షరాలు, మూలనున్న గడి అన్నీ ఒకే చోట కలిసి ఉండేవి. కాగితం మీద అక్షరం మూడు మిల్లీమీటర్ల ఎత్తున కనబడవలెనంటే, 1:50 ప్లానులో దానిని నూటయాభై మిల్లీమీటర్ల ఎత్తున వ్రాయవలసి వచ్చేది. స్కేలు మారితే అక్షరాలన్నీ తిరిగి సవరించవలసినదే. మూలన ఉన్న అంకెను చేతితోనే దిద్దవలెను. దిద్దుట మరచిపోతే పాత కథే మళ్లీ మొదలు.

1990లో ఆ ప్రోగ్రాములో కట్టడానికి ఒక చోటు, కాగితానికి ఒక చోటు వేరుచేసినారు. మొదటిదానికి 'మోడల్ స్పేస్' అనీ, రెండవదానికి 'పేపర్ స్పేస్' అనీ పేర్లు. కాగితంలో ఒక కిటికీ తెరచి, దానిలోనుండి నిజపరిమాణంలో ఉన్న ఇంటిని చూచినట్లుగా ఏర్పాటు జరిగినది. ఇల్లు ఒకటే; ఏ1కు ఒక కిటికీ, ఏ3కు మరొక కిటికీ. ఆ కిటికీ ఎంత దూరం నుండి చూస్తున్నదో, అదే స్కేలు. 2004లో విడుదలైన ప్రతిలో 'ఫీల్డు' అనే సౌకర్యం వచ్చినది. అనగా మూలనున్న గడిలో అంకెను మనిషి వ్రాయడు. ఆ గడి కిటికీని అడిగి, అక్కడున్న స్కేలును తెలిసికొని, తానే చూపుతుంది. ఏ1 పత్రంలో 1:100 అని, అదే ప్లానుకు ఏ3 పత్రంలో 1:200 అని, దేనికి తగినది దానిలో కనిపిస్తుంది. 2007 నాటికి అక్షరాలు, కొలత బాణాలు కూడ స్కేలును బట్టి తమ ఎత్తును తామే సవరించుకొనే ఏర్పాటు వచ్చినది. శతాబ్దాలుగా కాగితాన్ని పట్టించుకోని అంకె చివరకు కాగితం వైపు చూడడం నేర్చుకొన్నది.

ఇంతటితో చిక్కు తీరినదా అంటే, తీరలేదు. యంత్రానికి తెలిసినది తాను తలచిన కాగితమే గాని, చివరకు మన చేతికి వచ్చే కాగితం కాదు. హైదరాబాదులో తండ్రి ఇంటి ప్లానును ఏ4 పత్రంగా సిద్ధం చేయించి అమెరికాలోని కుమారునికి పంపినాడనుకొందాం. అక్కడి వాడుక కాగితం ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, పదకొండు అంగుళాల పొడవు గలది. ఏ4 కంటె పొట్టి. ముద్రణ యంత్రం దాక్షిణ్యంతో బొమ్మను ఆ కాగితంలో 'పట్టేటట్లు' చేస్తుంది. ఫలితం సుమారు 94 శాతం. 1:100 అని మూలన ఉన్నది. నిజానికి అది సుమారు 1:106. నాలుగు మీటర్ల గది కొలిస్తే మూడు మీటర్ల డెబ్బదియారు సెంటీమీటర్లు వస్తుంది. సగం తగ్గితే కంటికి తెలుస్తుంది. ఆరు పాళ్లు తగ్గితే తెలియదు. పెద్ద తప్పు తనంతట తాను పట్టుబడుతుంది, చిన్న తప్పు గోడ లేచేదాకా దాగి ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో భూముల పునస్సర్వే ప్రారంభమైనది. డ్రోన్ల సాయంతో తీసిన కొలతలు యంత్రంలో నిజపరిమాణంలోనే నిలుస్తాయి. కాని రైతు చేతికి వచ్చేది కాగితమే. కాగితం ఉన్నంతకాలం స్కేలు ప్రశ్న ఉంటుంది.

అందుచేత గృహస్థు గుర్తుంచుకోవలసినవి మూడున్నవి. మొదటిది, కాగితం మీద గీత ప్రక్కన వ్రాసి ఉన్న కొలతకే పెద్దపీట. సర్వే శాఖవారి ఫీల్డు మెజర్‌మెంటు పుస్తకంలో హద్దు గీతల ప్రక్కన కొలతలు వ్రాసి ఉండుట ఇందుకే. ఇంజనీర్లు తమ ప్లానుల మీద కొలబద్ద పెట్టి కొలవవద్దని హెచ్చరిక వ్రాయుట కూడ ఇందుకే. ఆ కొలత నకలు ఎంత తగ్గినా మారదు. రెండవది, వ్రాసిన కొలత లేనప్పుడు పటం అంచున విభాగాలతో గీసిన చిన్న గీతను చూడవలెను. దాని మీద "5 మీటర్లు" అని ఉన్న మేర మన కొలబద్దకు ఐదు సెంటీమీటర్లు వస్తే 1:100 అన్న మాట నిజం. నాలుగు సెంటీమీటర్లే వస్తే ఆ ప్రతి 1:125కు తగ్గినదన్నమాట. ఆ లెక్కనే మిగిలినది చదువుకోవలెను. మూడవది అంకె. అది యంత్రం తానే చూపినదైనా, మనిషి చేతితో వ్రాసినదైనా, గీతతో సరిచూచిన తరువాతనే నమ్మదగినది. ప్లాను గీయించుకొనేటప్పుడు అంకెతోపాటు ఆ గీతను కూడ వేయించుమని అడుగుట యజమానికి ఖర్చు లేని జాగ్రత్త.

గీతకు ఏడు వందల ఏండ్లు దాటినవి. తోలు ముడుచుకొన్ననాడు నావికుని దారి తప్పనీయనిది అదే. నేడు ముద్రణ యంత్రం బొమ్మను తగ్గించిననాడు మన ఇంటి గోడను, మన పొలం గట్టును కాపాడగలిగినదీ అదే.